అర గీత తేడా

పసిపిల్లల చొక్కాలు ఇంత చిన్నవిగా ఉంటాయన్న సంగతే మరిచిపోయాను. అరచేతి మీద పరిస్తే నా వేళ్ళ కొసలు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. దీనికి కాలర్ లేదు, అదొక్కటీ నయం. నెల రోజులుగా కాలర్ ఉన్న బట్ట ఎక్కడ కనిపించినా, బస్సులో ముందు సీటు మనిషి మెడ మీద కనిపించినా సరే, నా చూపు దానంతట అదే పక్కకు తప్పుకుంటోంది. చొక్కా మెత్తగానే ఉంది. తిరగేశాను. లోపలి కుట్టు గరుకు, చివర దారం కత్తిరించకుండా వదిలేశారు, పసి ఒంటికి ఒరుసుకుంటుంది, పక్కన పెట్టేశాను. ఇంకోటి తీశాను, చంక దగ్గర రెండు పోట్లు తప్పాయి, అదీ పక్కకే. మూడోది, నాలుగోది. తక్కువ ధరవన్నీ పోగేసిన ఈ గంపలో ఏది తీసినా ఏదో ఒక వంక. "ఆంటీ, అన్నీ అలా తిరగేసి పడేస్తే ఎలా? మళ్ళీ మడతలు పెట్టాల్సింది నేనేగా," అంది కొట్లో పిల్ల, నోట్లో బబుల్‌గమ్ నములుతూ. "నీ పని పెంచనులే తల్లీ, మడత నేనే పెడతా, నీకంటే బాగా పెడతా," అన్నాను. అది మూతి తిప్పుకుంది. తిప్పుకోనీ. కొనేది చూసి కొనకపోతే ఎలా? చూడ్డమే కదా నాకు చేతనైంది. చూసీ చూసీ ఒక మనిషి నోటి దగ్గర కూడు లాగేశాను. ఇప్పుడు ఆ మనిషి బిడ్డకే చొక్కాలు చూస్తున్నాను.

ఇంకా గంట టైముంది. ఇవాళ ఆదివారం, ఓవర్‌టైమ్ పడినవాళ్ళు తప్ప మిగతా అందరూ ఐదింటికల్లా కాలరమ్మాయి ఇంటి దగ్గర కలుసుకోవాలని అనుకున్నారు, నేను ఈ సామానంతా పట్టుకుని తిన్నగా అక్కడికే వెళ్ళాలి. కాలరమ్మాయి అంటే పేరు కాదు, మా దగ్గర పేర్లతో పనిలేదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ మాది. చొక్కాలో ఒక్కొక్కరు ఒక్కో ముక్కే కుడతారు, ఏళ్ళ తరబడి ఆ ముక్కే, చివరికి ఆ ముక్కే మనిషి పేరైపోతుంది. జేబుల పిన్ని, చేతుల పెద్దమ్మ, బొత్తాల వదిన, ఇస్త్రీ తాతయ్య. మనవలు లేకపోయినా ఆయన తాతయ్యే. నేను చెకింగక్కని. కుట్టినవి పాతికేసి కట్టగట్టి నా బల్ల మీదికి వస్తాయి, నెత్తి మీద ట్యూబులైటు, చేతిలో ఇనప స్కేలు, పక్కన ఎర్ర స్టిక్కర్లు. లోపం కనిపించిన చోట స్టిక్కరు అంటించి కట్ట తిప్పి పంపుతాను. ఒకే చేతి కట్ట నెలలో మూడుసార్లు తిరిగొస్తే ఆ మనిషిని లైన్లోంచి తీసేస్తారు, అది అక్కడి రూలు. నేను అంటించిన స్టిక్కరు మీద సూపర్‌వైజరు కూడా మళ్ళీ స్కేలు పెట్టడు. "అక్క చూసిందిగా, ఇంకేముంది," అంటాడు. ఆ మాటకి మొన్న మొన్నటిదాకా నేను పొంగిపోయేదాన్ని.

కాలరమ్మాయికి ఎనిమిదో నెల నిండుతుండగా మూడో కట్ట తిరిగొచ్చింది. నేనే తిప్పాను. ఇంకో పదిహేడు రోజులు ఆ మిషన్ దగ్గర కూర్చుని ఉంటే ప్రసవం సెలవుకి జీతం వచ్చేది. ఆ పదిహేడు రోజులూ లేవు, జీతమూ లేదు. మొగుడు గోడలకు రంగులేసేవాడు, నిచ్చెన మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుని అంతకు ముందు నెల నుంచే మంచంలో ఉన్నాడు. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేసింది కాదు. ఆ రోజు మధ్యాహ్నం లెక్క తేల్చుకుని ఆ పిల్ల సంచి సర్దుకుంటుంటే నేను కట్టలు చూస్తూనే ఉన్నాను, తల ఎత్తలేదు. నా బల్ల పక్క నుంచే వెళ్ళింది. ఆ పొట్టతో ఆ సందులో పట్టక పక్కకు తిరిగి, ఒక చేత్తో నా కుర్చీ పట్టుకుని దాటింది. "వస్తానక్కా," అంది. ఊఁ అన్నాను. అంతే, ఊఁ అని ఇంకో కట్ట ముందుకు లాక్కున్నాను.

పొత్తిగుడ్డలు. ముందు అవి కావాలి, చొక్కాలదేముంది. రెడీమేడ్ డైపర్ల ప్యాకెట్టు చూశాను, దాని మీద నవ్వుతున్న పిల్లవాడికి బతుకులో ఏ లోటూ లేనట్టుంది, ఒక ప్యాకెట్టు ఎన్నాళ్ళు వస్తుంది, నాలుగు రోజులు, మహా అయితే ఐదు, ఆరో రోజున ఆ పిల్ల ఏం చేస్తుంది? అలవాటు చేసి వదిలేసినట్టవుతుంది. ఉతుక్కునే గుడ్డవే మేలు, రెండు డజన్లు. వాన పట్టిందంటే ఒక్క డజను ఎటూ చాలదు, ఆ ఒక్క గదిలో ఎక్కడ ఆరేస్తుంది? ఆ గది నేనెప్పుడో ఒకసారి చూశాను, పెళ్ళయిన కొత్తలో అందరికీ టీ ఇస్తానని పిలిచింది. మంచం, స్టవ్వు, మధ్యలో ఒక మనిషి పక్కకు నడిచేంత జాగా. అందరం పట్టక వంతులవారీగా లోపలికి వెళ్ళి తాగొచ్చాం, గుమ్మం బయట నిలబడ్డ వాళ్ళు లోపలి వాళ్ళని తొందరపెట్టడం, నవ్వులు. బొత్తాల వదిన మంచం మీద కూర్చుంటే అది కిర్రుమంది, ఏమ్మా రాత్రుళ్ళు ఇరుగుపొరుగు నిద్రపోతున్నారా అని ఆవిడ అంటే ఈ పిల్ల సిగ్గుతో స్టవ్వు వైపు తిరిగిపోయింది. ఆ మంచం మీదే ఇప్పుడు కాలికి కట్టుతో ఒక మనిషి, పక్కన నెలలు నిండిన ఒక మనిషి, ఇంకో పది రోజుల్లో ఇంకో ప్రాణి.

"ఈ కాంబో తీసుకోండి ఆంటీ, అన్నీ ఉంటాయి, గిఫ్టుకి బాగుంటుంది," అని కొట్లో పిల్ల ఒక అట్టపెట్టె తెచ్చి పెట్టింది. లోపల పౌడరు, నూనె, సబ్బు, గిలక్కాయ, ఒక దువ్వెన. వెంట్రుకలే సరిగ్గా మొలవని తలకి దువ్వెన. సగం పెట్టె రంగు కాగితాల కుప్ప. "ఈ కాగితాలు పిల్లాడికి తినిపించాలా?" అన్నాను. అది ఫక్కున నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. ఎలా నవ్వగలుగుతున్నాను నేను? పగలంతా బాగానే ఉంటాను, మాట్లాడతాను, తింటాను, ఎవరైనా వెక్కిరిస్తే తిరిగి వెక్కిరిస్తాను, చూసేవాళ్ళెవరికీ నా మీద ఏ మచ్చా కనిపించదు. పెట్టె వద్దన్నాను. సబ్బు విడిగా ఒకటి, నూనె చిన్న సీసా ఒకటి, రబ్బరు షీటు, ఒక మెత్తటి తువ్వాలు.

డబ్బులు అందరూ వేసుకున్నవి. భోజనాల టైములో బల్ల చుట్టూ కవరు తిరిగింది, ఎవరెంత వేశారో ఎవరూ చూడలేదు, నా వంతు వచ్చినప్పుడు మాత్రం మాటలు ఆగినట్టు అనిపించింది నాకు. నిజంగా ఆగాయో, నా చెవులకే అలా తోచిందో. కవరు నిండాక ఎవరు కొనాలన్న మాట వచ్చింది. "చెకింగక్కనే పంపిద్దాం, తన కంటికి ఏదీ తప్పించుకోదు," అంది బొత్తాల వదిన. మామూలుగానే అంది. నా కళ్ళలోకి చూస్తూ అంది. జేబుల పిన్ని టిఫిను డబ్బా మూత పెట్టుకుంటూ తల దించుకుంది. నాకు ఆ మాట మెచ్చుకోలుగా వినిపించలేదు, దెప్పిపొడుపుగానూ తీసుకోలేకపోయాను, అలాగే వదినా అని కవరు తీసుకున్నాను. ఆవిడకు తెలుసా? ఏం తెలుసని? తెలియడానికి ఎవరైనా చూశారా? ఆ కట్ట మీద స్కేలు పెట్టింది నేను, చూసింది నేను, నేనూ ఆ ట్యూబులైటూ.

మా అమ్మాయి కూడా వేసింది ఆ కవర్లో, అందరికంటే ఎక్కువే వేసి ఉంటుంది, దాని చెయ్యి పెద్దది. ఇప్పుడు మా లైన్లో కాలరమ్మాయి అంటే మా అమ్మాయే. ఆ మిషనే, ఆ స్టూలే, పాత మనిషి నడుం నొప్పికని స్టూలు మీద కట్టుకున్న దిండు కూడా అలాగే ఉంది. రెండో రోజు అది అడిగింది, "అమ్మా, ఈ దిండు ఆవిడకు ఇచ్చెయ్యాలేమో కదా?" అని. చూద్దాంలే అన్నాను. ఆవిడ కాన్పు కోసం తనంతట తానే మానేసిందని దాని నమ్మకం, నేను చెప్పిందే నమ్మింది, లైన్లో ఎవరూ దాని ముందు ఆ మాట ఎత్తరు. కానీ ఒక్కోసారి రాత్రి అన్నం తింటూ ఆగిపోయి, "ఆవిడ పురుడయ్యాక మళ్ళీ వస్తుందిగా, అప్పుడు నన్నెక్కడేస్తారు?" అని అడుగుతుంది. దాని మొహంలో ఆ భయం చూస్తే నాకు ముద్ద దిగదు. రాదులేవే అంటాను. ఎలా తెలుసని అడగదు. అడగనందుకు నేను దానికి రుణపడిపోయినట్టుంటుంది.

ఎనిమిది నెలలు ఇంట్లో ఉంది అది. కుట్టు నేర్చుకుంది, సర్టిఫికెట్టు తెచ్చుకుంది, ఎక్కడికి వెళ్ళినా రేపు రా, ఎల్లుండి రా. మొదట్లో పొద్దున్నే లేచి తల దువ్వుకుని తయారై కూర్చునేది, తరవాత తయారవ్వడం మానేసింది, తరవాత లేవడమే మానేసింది. గోడ వైపు తిరిగి పడుకునేది. పనికి వెళ్ళేటప్పుడు దాని వీపు, తిరిగొచ్చేసరికి దాని వీపు. ఏమే, తిన్నావా అంటే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఒకరోజు దుప్పటి లాగి చూస్తే కళ్ళు తెరిచే ఉంది, గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోటు చూస్తోంది, పొద్దుట్నుంచీ అదే చూస్తోందేమో. అప్పుడు వెళ్ళి సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడ్డాను. మంచివాడే అతను, నా మీద గౌరవం ఉంది. "ఎక్కడైనా ఖాళీ పడనీ అక్కా, ముందు మీ అమ్మాయినే కూర్చోబెడతా," అన్నాడు. ఖాళీ పడనీ అన్నాడు. ఖాళీ చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

మొదటి రెండు కట్టల్లో నా తప్పేమీ లేదు. ఎవరి ముందైనా చెబుతాను ఆ మాట. కాలర్‌ని నడిమికి మడిచి రెండు కొసలూ కలిపితే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి, స్కేలు పెడితే ఒక్క గీత దాకా తేడా ఉన్నా వదిలెయ్యొచ్చు, దాటితే తిప్పాలి. ఆ రెండు కట్టల్లో రెండేసి గీతల తేడా వచ్చింది. కాళ్ళు వాచి ఉండేవి ఆ పిల్లకి, పెడలు మీద పాదం నిలిచేది కాదు, మధ్యలో లేచి వెళ్ళాల్సి వచ్చేది, చూస్తూనే ఉన్నాను. నేను కడుపుతో ఉన్నప్పుడు ఇదే ఫ్యాక్టరీలో కఫ్‌లు కుట్టేదాన్ని. అప్పుడు ఈ బల్ల దగ్గర ఒక ముసలావిడ ఉండేది, ఇంత కోపిష్టి మనిషిని మళ్ళీ నేను చూడలేదు, నోరు తెరిస్తే తిట్లే. ఆఖరి నెలల్లో నావి ఎన్ని పాడై వచ్చాయో ఆవిడకే తెలియాలి. ఒక్కటీ తిప్పలేదు. భోజనాల టైములో అందరూ వెళ్ళాక కూర్చుని నా కఫ్‌లు తనే విప్పి తనే కుట్టేది. నేను చూశానని తెలిసి, "ఏం చూస్తావ్, పో, పోయి తిండి తిను, గాడిదా," అంది. ఆ తిండి తినే కన్నాను మా అమ్మాయిని. ఆ రెండు కట్టలూ నేను కూడా విప్పి కుట్టి ఉండొచ్చు. నాకు కుట్టు రాదా? కుట్టలేదు. రూలు రూలే అనుకున్నాను. ఆ మాత్రం కఠినంగా ఉండటమే నిజాయితీ అనుకునే మనిషిని నేను.

టోపీ ఒకటి తీసుకున్నాను, మేజోళ్ళు రెండు జతలు, ఈ వేలెడు మేజోడులో అడుగు పెట్టే ప్రాణి ఒకటి వస్తోందంటే నమ్మబుద్ధి కాదు. పుట్టినప్పటి సైజు చొక్కాలు కొనకూడదు, నెలకే పొట్టివైపోతాయి, మూడు నెలల సైజు కొంటే ముందు కాస్త వేళ్ళాడినా ఆరో నెల దాకా ఏదోలా తొడగొచ్చు. దోమతెర, గొడుగులా మడిచేది. పాలసీసా వద్దు, తల్లి పాలే ఉంటాయి. ఉంటాయా? ఆ పిల్ల ఏం తింటోందని? మొన్న జేబుల పిన్ని చూసొచ్చింది, మొహంలో పొట్ట తప్ప ఏమీ కనిపించడం లేదే అంది, పిన్నికి మాట ఎటు పడితే అటు వస్తుంది, అందరూ నవ్వారు. పాలసీసా పెట్టేశాను, మళ్ళీ తీశాను, మళ్ళీ పెట్టేశాను. ఎన్ని కొంటే తీరుతుంది ఇది? ఈ అరలన్నీ ఊడ్చి తీసుకెళ్ళినా ఆ పదిహేడు రోజులు ఏ అరలోనూ దొరకవు. కొట్లో పిల్ల నన్ను వింతగా చూస్తోంది, పెదాలు కదుపుతున్నానేమో.

మూడో కట్ట. ఆ రోజు పొద్దున్న నేను బయల్దేరుతుంటే మా అమ్మాయి గోడ వైపు నుంచి తిరక్కుండానే, "అమ్మా, నేను లేకపోతే నీకు కాస్త హాయిగా ఉంటుంది కదూ," అంది. నోరుమూసుకో అన్నాను. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను, తాళం వెయ్యాలా వద్దా అని వీధి చివరిదాకా ఆలోచించాను, పక్కింటావిడతో చూస్తూ ఉండమని చెప్పాను, బస్సెక్కాను. నా బల్ల మీద మొదటి కట్టే ఆ పిల్లది. కాలర్ మడిచాను, కొసలు కలిపాను, స్కేలు పెట్టాను. మళ్ళీ పెట్టాను. తేడా ఉంది. ఉందని నెల రోజులుగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, లైటు సరిగ్గా లేదని, నా కళ్ళు మునుపటిలా లేవని, గీత దాటిందో లేదో తెలియలేదని. తెలిసింది. ఇరవై రెండేళ్ళు చూసిన కళ్ళకి తెలియకపోవడం ఏమిటి? అర గీత. ఒక గీత దాకా వదిలెయ్యొచ్చు, ఉన్నది అర గీత. కట్టలో మొదటి కాలరూ అంతే, రెండో కాలరూ అంతే, ఆ పిల్ల ఎలా ఒళ్ళు కూడదీసుకుందో, మూడో కట్ట ఎంత శ్రద్ధగా కుట్టిందో, ఏడెనిమిది కాలర్లలో అసలు తేడాయే లేదు. చూస్తూ చూస్తూ ఎర్ర స్టిక్కర్లు తీశాను. ఒకటి, రెండు, మూడు అంటించాను. నాలుగోది అంటిస్తుంటే అది నా వేలికే అతుక్కుపోయింది, విదిలిస్తే ఊడి రాలేదు, గోరుతో గీకి మరీ తీసి అంటించాను. సరిచేశారన్న పేరుతో ఆ కట్ట ఆ సాయంత్రమే చొక్కాలై పెట్టెల్లోకి వెళ్ళిపోయింది, ఎక్కడో ఎవరో ఆ కాలర్ తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ ఉంటారు, వాళ్ళకి ఏ లోపమూ కనిపించదు, ఉంటే కదా.

ఫోన్ మోగింది. తెర మీద కాలరమ్మాయి అని ఉంది. మా అమ్మాయిని ఇంకా అమ్మాయనే ఉంచుకున్నాను ఫోన్లో, ఈ పేరు ఈ పిల్లదే.

"అక్కా, బజార్లో ఉన్నావటగా. బొత్తాలొదిన నోట్లో మాట ఆగదుగా, చెప్పేసింది."

"ఆవిడ నోటికి కూడా ఒక బొత్తాం కుట్టాలే," అన్నాను. నవ్వింది. ఆయాసపడుతూ నవ్వింది, నవ్వి కాసేపు ఊపిరి తీసుకుంది.

"అందరూ వచ్చాక అడగలేనక్కా, అందుకే ఇప్పుడే చేశా. ఒక్కటడుగుతా, నిజం చెప్పాలి. ఆ మూడో కట్ట నిజంగానే అంత పాడుగా వచ్చిందా?"

రబ్బరు షీటు నా చంకలోంచి జారిపోతుంటే పట్టుకున్నాను.

"తప్పు పట్టడానికి కాదక్కా, ఒట్టు. పక్కింటావిడ రెండు గౌన్లు కుట్టమని ఇచ్చింది. ఇంట్లో నా మిషన్ ఉందిగా. ఒకటి కుట్టా. నా కంటికి బాగానే ఉంది. కానీ ఆ రోజు కట్ట కూడా నా కంటికి బాగానే ఉంది కదా. అంత బాగా ఎప్పుడూ కుట్టలేదు అనుకున్నా. అదే తిరిగొచ్చాక ఇంక నా కంటిని నేనేం నమ్మను? గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే భయం వేస్తోంది. చెయ్యి పోయిందేమో అనిపిస్తోంది. నువ్వు చెప్తే నమ్ముతానక్కా. నీ అంత చూసేవాళ్ళు ఎవరున్నారు?"

రెండే రెండు మాటలు. అర గీత. ఆ రెండు మాటలు నాలుక మీదికి వచ్చాయి కూడా, రుచి తెలుస్తోంది వాటిది. అంటే ఏమవుతుంది? ఈ పిల్ల నన్ను తిట్టదు, అది నాకు తెలుసు, ముందు ఏడుస్తుంది, తరవాత బొత్తాల వదినకి చెబుతుంది, ఆవిడ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్తుంది, న్యాయంగానే వెళ్తుంది. నేను పోతాను, పోతే పోయాను. ఆ స్టూలు మీంచి మా అమ్మాయిని లేపుతారు. అందరి ముందు లేపుతారు. అది ఇంటికొస్తుంది. గోడ వైపు తిరుగుతుంది. ఈసారి ఇంక ఎవరు తిప్పినా ఇటు తిరగదు.

"కాస్త తేడా వచ్చిందమ్మా," అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందో. "నీ తప్పు కాదులే, ఒళ్ళు బరువు, కాళ్ళవాపు. ఆ టైములో ఎవరికైనా అంతే."

అవతల మొగుడు కాబోలు, ఏమంటోందే అని దూరం నుంచి అడుగుతున్నాడు.

"అంతేలే అక్కా. నాకూ అనుమానంగానే ఉంది. అడగడం మంచిదైంది." గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు, అలసట ఉంది. "మిషన్ కొంటానని ఒకావిడ పొద్దుట్నుంచి తిరుగుతోంది. ఇప్పుడూ గుమ్మంలోనే కూర్చుంది. ఇవ్వనని మొండికేశా, ఈయన కాలు బాగయ్యేదాకా దాని మీదే బతుకుదామనుకున్నా. చెయ్యే పోయాక అదుండి ఏం లాభం? ఇచ్చేస్తాలే. ఆస్పత్రి వాళ్ళు ముందు కట్టమన్నారు, దానికి సరిపోతుంది."

"తొందరెందుకే," అన్నాను, నాకు తెలియకుండానే.

"ఏం? ఉంచుకోమంటావా అక్కా?" వెంటనే అడిగింది. ఆ గొంతు ఒక్కసారి లేచింది. నేను ఉంచుకో అంటే చాలు, ఇంకేమీ అడగకుండా ఉంచుకుంటుంది. ఉంచుకో అంటే ఎందుకని అడిగితే? చెయ్యి పోలేదని చెప్పాలి. చెయ్యి పోలేదంటే ఆ కట్ట మాట చెప్పాలి. ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను, ఆ పిల్ల ఊపిరి వినిపిస్తోంది, ఇద్దరి ఊపిరి తీసుకుంటున్న మనిషి ఊపిరి.

"నీ ఇష్టం అమ్మా," అన్నాను.

"సరేలే అక్కా. జాగ్రత్తగా రా, ఎండగా ఉంది," అని పెట్టేసింది.

బిల్లు దగ్గర నా ముందు ఇద్దరున్నారు. ఇప్పుడు పరిగెత్తితే అందుతుందా? బస్సుకి ఇరవై నిమిషాలు. అక్కర్లేదు, పరిగెత్తక్కర్లేదు, ఫోన్ చేస్తే చాలు, చేతిలోనే ఉంది, ఆ పేరు మీద వేలు పెడితే చాలు, ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంటుంది, బేరం కాస్త నడుస్తుంది, మిషన్ ఎత్తడానికి మనుషులు రావాలి. ముందున్నావిడ సామాను అయింది. రెండో ఆయనది మొదలైంది. వేలు పెట్టాను. మోగుతోంది. ఎత్తగానే చప్పుడు, నలభై మిషన్లు ఒక్కసారి నడుస్తున్న చప్పుడు, దానిలోంచి అరుస్తున్నట్టు మా అమ్మాయి గొంతు, నేను వేలు పెట్టింది దాని పేరు మీద.

"ఏంటమ్మా? ఓవర్‌టైమ్‌లో ఉన్నా, తొందరగా చెప్పు. ఈ రోజు ఒక్క కట్ట కూడా తిరిగి రాలేదు తెలుసా?"

"ఏం లేదు," అన్నాను. "పని చూసుకో."